బోరు నీళ్లు తాగిన రేడియేటర్: కారు కూలింగ్ వ్యవస్థను కడిగించుకున్న నా అనుభవం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వేసవిలో కారు ఇంజన్ వేడెక్కిందంటే ఎవరి నోటి నుంచైనా మొదట వచ్చే మాట ఎండ గురించే. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక రేడియేటర్ మరగడంలో వింతేముందన్నట్టు మాట్లాడతారు. ఎండ ప్రభావం లేదని నేననను. రేడియేటర్ బయటికి పంపగలిగే వేడి, లోపలి ద్రవానికీ బయటి గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుంది. లోపలి ద్రవం 90 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు బయట 30 డిగ్రీలుంటే ఆ తేడా 60. బయట 45 ఉంటే తేడా 45 మాత్రమే. అంటే మన మే నెల మధ్యాహ్నం అదే రేడియేటర్ దాదాపు నాలుగో వంతు తక్కువ వేడిని వదులుతుంది. అయితే కార్లు తయారుచేసేవారు ఈ తరుగును ముందే లెక్కలో వేసుకుని, కొంత మిగులు ఉండేలా రేడియేటర్ పరిమాణాన్ని నిర్ణయిస్తారు. లోపల గార పట్టి ఆ మిగులు హరించుకుపోయిన బండిని మాత్రమే ఎండ పట్టిస్తుంది. ఆ గార ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని వదిలించడానికి ఏమేం చేయవలసి వచ్చిందో నా కారు విషయంలో దగ్గరగా చూశాను కనుక వివరంగా రాస్తున్నాను.

ఉద్యోగరీత్యా నేను కందుకూరు, పామూరు, కనిగిరి మధ్య తరచుగా తిరుగుతుంటాను. నాది సెకండ్‌హ్యాండులో కొన్న పెట్రోల్ కారు. ఇంజన్ బ్లాకు పోత ఇనుముది, దాన్ని పైన మూసే హెడ్ అల్యూమినియంది, రేడియేటర్ కోర్ అల్యూమినియంది, దానికి రెండు పక్కలా ప్లాస్టిక్ ట్యాంకులుంటాయి. డాష్‌బోర్డు మీద వేడిని చూపే ముల్లు ఉన్నా దాన్ని నేను పెద్దగా నమ్మను. చాలా కార్లలో ఆ ముల్లును కావాలనే మొద్దుగా తయారుచేస్తారు. ద్రవం 80 డిగ్రీల వద్ద ఉన్నా, 100 దాటినా అది మధ్యలోనే నిలబడి ఉంటుంది. కదలడం మొదలుపెట్టేసరికి పరిస్థితి చేయి దాటే దశకు వచ్చి ఉంటుంది. అందుకని స్టీరింగ్ కింద ఉండే, మెకానిక్‌లు ఇంజన్ వివరాలు చదివే ఓబీడీ పోర్టులో గుచ్చే చిన్న పరికరాన్ని కొని, అసలు ఉష్ణోగ్రతను ఫోనులో చూడడం అలవాటు చేసుకున్నాను. ఖర్చు కొద్ది వందలే అయినా, ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నింటికన్నా ఎక్కువ ఉపయోగపడింది అదే.

ఆ పరికరం చూపిన అంకెలు విచిత్రంగా ఉండేవి. పొద్దున్నే హైవే మీద సాఫీగా పోతున్నప్పుడు ద్రవం 72, 74 డిగ్రీల దగ్గరే ఉండిపోయేది. అది ఉండవలసిన దానికన్నా బాగా తక్కువ. అదే కారు మధ్యాహ్నం ఒంగోలు ట్రాఫిక్‌లో ఏసీతో నిలబడితే 106 దాకా ఎగబాకి, ఫ్యాను తిరుగుతున్నా దిగివచ్చేది కాదు. ఒకే బండి చల్లగా ఉండవలసిన దానికన్నా చల్లగానూ, వేడిగా ఉండవలసిన దానికన్నా వేడిగానూ ఉందంటే లోపం ఒక్కటి కాదని, కనీసం రెండని అర్థం చేసుకోవాలి. ఎండ మీద నెపం వేసి ఊరుకుంటే ఆ మొదటి అంకెకు సమాధానం దొరకదు.

ఇంజన్ రాత్రంతా చల్లారిన తరువాత, తెల్లవారుజామున రేడియేటర్ మూత తీసి చూశాను. వేడి మీద మూత తీయకూడదన్నది అందరికీ తెలిసిన హెచ్చరికే గాని, దాని వెనకున్న కారణం కొద్దిమందికే తెలుసు. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా అన్ని బార్లు (ఒత్తిడి కొలత) ఎక్కువయ్యేదాకా మూతలోని స్ప్రింగు దాన్ని బిగించి పట్టుకుంటుందని దాని అర్థం. 0.9 మూత కింద మామూలు నీరు సైతం దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు. నీరు, కూలెంట్ (రేడియేటర్‌లో నీటితో కలిపి పోసే ద్రవం) చెరిసగం కలిపితే మరిగే స్థానం 125 దగ్గరికి చేరుతుంది. ద్రవం 110 డిగ్రీల వద్ద కుదురుగా ఉన్నప్పుడు ఎవరైనా మూత తిప్పారంటే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, అంతదాకా మరగకుండా ఉన్న నీరు ఆ క్షణంలోనే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. గుడ్డ కప్పి తిప్పితే ఏమీ కాదనే ధైర్యం ఆ గుడ్డ తడిసేవరకే.

నా రేడియేటర్‌లో ఆకుపచ్చ, ఎరుపు వంటి కూలెంట్ రంగు ఏదీ కనిపించలేదు. చెరువు బురదనీటి రంగులో ఉన్న నీళ్లున్నాయి. మూతి అంచు చుట్టూ లోపలివైపు తెల్లగా, అక్కడక్కడ గోధుమరంగు చారలతో గట్టిగా అంటుకున్న పొర ఉంది. రిజర్వు బాటిల్ అడుగున తుప్పు పొడి పేరుకుని ఉంది. ఆ పొర నుంచి ఒక పెచ్చును స్క్రూడ్రైవర్ మొనతో ఊడదీసి, తెల్లని పింగాణీ సాసర్‌లో పెట్టి, దాని మీద నిమ్మకాయ పిండాను. పెచ్చు అంచుల నుంచి సన్నని బుడగలు వరుసగా లేచాయి, కొద్దిసేపటికి అది మెత్తబడి వేలితో నలిపితే నలిగింది. కాల్షియం కార్బొనేటు ఆమ్లం తగిలితే కార్బన్ డయాక్సైడును వదులుతుంది. ఆ బుడగలు అవే. తుప్పు మాత్రం నిమ్మరసానికి అలా పొంగదు. కాబట్టి పేరుకున్న దానిలో ఎక్కువ భాగం నీళ్ల నుంచి వచ్చిన గారేనని తేలిపోయింది.

గీజర్ కాయిల్‌కు పట్టేది, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది, రేడియేటర్‌లో చేరేది ఒకటే పదార్థం. బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు వేడికి విడిపోయి, కరగని కార్బొనేట్లుగా మారి, అన్నింటికన్నా వేడిగా ఉన్న గోడకే ముందుగా అంటుకుంటాయి. ఇంజన్‌లో అలాంటి చోటు సిలిండర్ల చుట్టూ, హెడ్‌లోని సన్నని దారుల్లో ఉంటుంది. ఆ పొర లోహంతో పోలిస్తే వేడిని ఎన్నో రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది కనుక, కొద్ది మందమైనా అది ఇంజన్‌కూ నీటికీ మధ్య దుప్పటి కప్పినట్టే పనిచేస్తుంది. ఇందులో చిక్కేమిటంటే, అప్పుడు నీరు అంత వేడిగా కనిపించకపోయినా లోహం వేడెక్కిపోతూ ఉండవచ్చు. ఊడివచ్చిన పెచ్చులు రేడియేటర్ సన్నని గొట్టాల్లోకి చేరి అడ్డుపడడం ఆ తరువాతి దశ.

మా ఇంటి బోరు నీటిని, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో చూస్తే 1,800కు పైన చూపింది. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకూడదు. వేరే నీరు దొరకని చోట 2,000 దాకా సర్దుకోవచ్చు. కాఠిన్యానికి ఆ హద్దులు 200, 600. జేబులో పట్టే మీటరు మొత్తం లవణాల అంచనానే ఇస్తుంది గాని కాఠిన్యాన్ని విడిగా చెప్పదు. అయినా ఆ స్థాయి నీళ్లను ఇంజన్‌లో పోయకూడదని నిర్ణయించుకోవడానికి అదే చాలు. కనిగిరి ప్రాంతం పేరెత్తగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. ఫ్లోరైడ్ మనుషుల పళ్లను, ఎముకలను దెబ్బతీస్తుంది. రేడియేటర్‌లో గార మాత్రం దాని పని కాదు, కాల్షియం, మెగ్నీషియంల పని. ఇక సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ల ఉప్పు నీటిలోని క్లోరైడ్ మరో రకం చేటు చేస్తుంది. అది అల్యూమినియాన్ని పైపైన కాక, ఒక్కో చోట సూది మొనంత గుంట చేసుకుంటూ లోపలికి తినేస్తుంది. అలా పడ్డ చిల్లి బయటపడేదాకా ఎవరి కంటికీ కనిపించదు.

ఇంతకుముందు ఈ కారు వాడినవారు దారిలో ఎక్కడ కుళాయి కనబడితే అక్కడి నీళ్లే పోసి ఉంటారు. వారిని తప్పుపట్టడానికి కూడా లేదు. పాత అంబాసిడర్ రోజుల్లో అందరూ చేసింది అదే. అప్పటి రాగి, ఇత్తడి రేడియేటర్లకు టంకం ఊడదీసి, పై ట్యాంకు తొలగించి, గొట్టాల్లోకి సన్నని కడ్డీ దింపి గార గీకేవారు, మళ్లీ టంకం పెట్టేవారు. ఇప్పటి అల్యూమినియం గొట్టాల గోడలు ఎంతో పల్చన, ట్యాంకు ప్లాస్టిక్. కడ్డీ పెట్టారంటే రేడియేటర్ చేతికి రాదు. కాలం మారినా పోసే నీళ్లు మాత్రం మారలేదు.

కందుకూరులో నాకు నమ్మకమున్న మేస్త్రి ఒకరున్నారు. ఆయన నిమ్మరసం పరీక్ష సంగతి విని నవ్వారు గాని, కాదనలేదు. "కడగడం తరవాత సార్, ముందు హెడ్ గాస్కెట్ పోయిందో లేదో చూద్దాం. అది పోయుంటే ఎన్ని నీళ్లు పెట్టి కడిగినా దండగే" అన్నారు. ఆ మాటలో సబబుంది. బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే ఆ గాస్కెట్ కాలి మంట వాయువులు నీటిలోకి చొరబడుతూంటే గొట్టాలు ఎంత శుభ్రంగా ఉన్నా ఇంజన్ వేడెక్కుతూనే ఉంటుంది. ఆయన దగ్గర గాజు గొట్టంలో నీలిరంగు ద్రవం పోసి, రేడియేటర్ మూతి మీద ఆనించి, లోపలి గాలిని దాని గుండా లాగే పరికరం ఉంది. మంట వాయువులు ఉంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. మాకు నీలం నీలంగానే ఉంది. ఆయిల్ డిప్‌స్టిక్ మీద, ఆయిల్ మూత లోపల మజ్జిగ రంగు నురగ కూడా లేదు. దాంతో మిగతా పనికి పూనుకోవచ్చని తేలింది.

తరువాత పై హోస్ పైపు చేరే చోట ఉన్న థర్మోస్టాట్ గూడు విప్పారు. లోపల థర్మోస్టాటే లేదు! హైవే మీద 72 డిగ్రీలెందుకు చూపేదో అక్కడ తెలిసిపోయింది. మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదని, దాన్ని తీసిపారేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని మన వైపు బలంగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. దాన్ని గురించి ఇక్కడ కొంచెం విడమరచి చెప్పాలి. థర్మోస్టాట్ లోపల మైనం నింపిన చిన్న గుళిక ఉంటుంది; నిర్ణీత వేడికి ఆ మైనం కరిగి, వ్యాకోచించి, వాల్వును నెడుతుంది. అప్పటిదాకా నీరు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్ లోపలే తిరిగి త్వరగా వేడెక్కుతుంది. ఇంజన్ చల్లగా నడిచినంతసేపూ ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) పెట్రోలు ఎక్కువగా వదులుతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాక జిడ్డుగా మారుతుంది, పిస్టన్లు, రింగులు తొందరగా అరుగుతాయి. ఇంకొక సంగతి ఉంది, దాన్ని మాత్రం చాలామంది మెకానిక్‌లు ఒప్పుకోరు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని వెనకవైపు పళ్లెం, నీటిని ఇంజన్ లోపలే తిప్పే బైపాస్ దారిని మూసేస్తుంది. థర్మోస్టాటే లేకపోతే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉండి, వేడి నీటిలో ఒక భాగం రేడియేటర్ ముఖమే చూడకుండా తిరిగి ఇంజన్‌లోకి పోతుంది. చల్లదనం కోసం తీసిన వస్తువు ట్రాఫిక్‌లో వేడికి కారణమవుతుంది. నా ఇంజన్ ఆ రకందే.

ఖాళీగా ఉన్న ఆ గూడు లోపల గోడకు గోటి మందాన పొర పట్టి ఉంది. వేలితో తడిమితే గరుకు కాగితంలా తగిలింది. ఒక పక్క తుప్పు ఎరుపు, ఇంకో పక్క అల్యూమినియం తినివేయబడగా వచ్చే బూడిదరంగు జిగురు. బ్లాకు ఇనుముది, హెడ్ అల్యూమినియంది కావడం వల్ల ఈ రెండు రకాల చెడుగూ ఒకేచోట కనబడుతుంది. కూలెంట్‌లో ఉండే తుప్పు నిరోధకాల అవసరం అక్కడే ఉంది. చలిదేశాల్లో కూలెంట్‌ను గడ్డకట్టకుండా ఉండేందుకు పోస్తారు, మనకెందుకని అడిగేవారు ఎక్కువ. మరిగే స్థానం పెరగడం, లోహం తుప్పు పట్టకుండా ఉండడం మనకు కావలసినవి.

కడిగే పని మరునాటి పొద్దున్న మొదలుపెట్టాం. కింది మూలలోని డ్రెయిన్ మర తిప్పితే బొట్టు బొట్టుగానే వచ్చింది, గార అక్కడ కూడా అడ్డుపడింది. అందుకని కింది హోస్ పైపు క్లిప్పు వదులు చేసి నేరుగా తొట్టిలోకి దింపాం. ఆ నీటిని కాలువలోకి పోనివ్వలేదు. అందులో ఎంతో కొంత పాత కూలెంట్ ఉండే అవకాశముంది. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండి కుక్కలను, మేకలను ఆకర్షిస్తుంది. కొద్దిగా తాగినా వాటి మూత్రపిండాలు దెబ్బతిని చనిపోతాయి. షెడ్డు చుట్టుపక్కల మేకలు తిరుగుతూనే ఉంటాయి కనుక తొట్టి మీద రేకు మూసి, తరువాత క్యానుల్లోకి ఎత్తి, శుద్ధి ఏర్పాటున్న ఒక పెద్ద వర్క్‌షాపులో అప్పగించాను.

కడగడానికి మేస్త్రి గారి షెడ్డులోని బోరు కుళాయి దగ్గరగానే ఉంది, గొట్టం కూడా సిద్ధంగా ఉంది. అయినా మినరల్ వాటర్ ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పించాను. "కడిగే నీళ్లకు కూడా ఇంత పట్టింపేంది సార్" అని ఆయన అన్నారు. ఎంత వంచినా బ్లాకులోనూ, కారు లోపలికి వేడి గాలినిచ్చే హీటర్ కోర్‌లోనూ ఒకటిన్నర, రెండు లీటర్ల నీరు మిగిలిపోతుందని, కడిగిన నీళ్లే కొత్త కూలెంట్‌తో కలిసి లోపల ఉండిపోతాయని చెప్పిన తరువాత ఆయనే క్యాన్లు ఎత్తి పోశారు. ముందుగా మందేమీ కలపని ఆ క్యాన్ల నీటితో నింపి, డాష్‌బోర్డులో హీటర్ మీటను పూర్తిగా వేడివైపు తిప్పి, ఇంజన్ నడిపి దింపాం. హీటర్ అలా తెరవకపోతే చాలా కార్లలో ఆ చిన్న కోర్‌లోని మురికి నీరు కదలదు. వేసవి పొద్దున్నే కారులో హీటర్ వేసుకుని కూర్చున్నవాడిని చూసి పక్క షెడ్డువాళ్లు ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు.

గారకు ఏ మందు వాడాలన్న దాని మీద కాస్త చర్చ నడిచింది. బాత్‌రూములు కడిగే యాసిడ్ చుక్క పడితే అల్యూమినియం కుతకుత ఉడుకుతుంది. కాస్టిక్ సోడా ఇంకా ప్రమాదం, గారను వదిలి లోహాన్నే కరిగిస్తుంది. వంటింటి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, గారను మెల్లగా కరిగిస్తుంది గాని పాళ్లు ఎక్కువైనా, ఎక్కువసేపు ఉంచినా అదీ అల్యూమినియానికి మంచిది కాదు. అల్యూమినియం రేడియేటర్లకు పనికివస్తుందని సీసా మీద స్పష్టంగా రాసి ఉన్న ఫ్లషింగ్ ద్రవాన్ని ఎంచుకుని, అందులో చెప్పిన పాళ్లలో కలిపి, చెప్పినంత సేపే ఇంజన్ నడిపాం. మందు నీటిని దింపినప్పుడు తొట్టి అడుగున ఇసుకలా, మధ్యమధ్య పెచ్చులుగా గార దిగింది. ఆ తరువాత రివర్స్ ఫ్లష్ చేశాం. నీరు మామూలుగా ఏ వైపు నుంచి బయటికి పోతుందో ఆ వైపు నుంచి లోపలికి పంపి, వచ్చే దారి నుంచి బయటికి రానివ్వడం ఇందులో ఉపాయం. గొట్టాల మూతి దగ్గర ఇరుక్కున్న పెచ్చులు ముందుకు నెడితే బిగుస్తాయి, వెనక్కి నెడితే ఊడతాయి. కంప్రెసర్ గాలి పెడదామని పిల్లవాడెవరో గొట్టం తెచ్చాడు. మేస్త్రి వద్దన్నారు. ఆ ఒత్తిడికి ప్లాస్టిక్ ట్యాంకు అంచు మడత విచ్చుకుంటే కొత్త రేడియేటర్ కొనవలసిందే. దిగే నీరు గాజు గ్లాసులో పట్టి చూస్తే తేటగా కనిపించేవరకు మళ్లీ మళ్లీ నింపి దింపాం. ఆఖరి కడుగుడు మాత్రం బ్యాటరీ నీళ్లతో, అంటే డిస్టిల్డ్ వాటర్‌తో చేశాం.

కొత్త థర్మోస్టాట్‌ను బిగించే ముందు పరీక్షించాం. దాని మీద 82 అని చెక్కి ఉంది. వాల్వును కొద్దిగా నొక్కి సందులో దారం ఇరికించి, ఆ దారంతోనే దాన్ని గిన్నె నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి స్టవ్ వెలిగించాం. నీళ్లు 83 దగ్గరికి రాగానే వాల్వు దారాన్ని వదిలేసి అడుగుకు జారింది. 95 దగ్గర పూర్తిగా తెరుచుకుంది. కొత్తదైనా సరే తెరుచుకోని సరుకు బజారులో దొరుకుతుంది. దాన్ని ఇంజన్‌లో పెట్టాక కనుక్కోవడం కన్నా గిన్నెలో కనుక్కోవడం చవక.

కూలెంట్ ఎంపికలో రంగును చూసి మోసపోయేవారు ఎక్కువ. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నవి తయారీదారులు కలిపే రంగులే తప్ప రసాయనాన్ని తెలిపే గుర్తులు కావు. పాత తరహా కూలెంట్‌లో సిలికేట్లు, ఫాస్ఫేట్ల వంటి లవణాలుంటాయి. అవి లోహం మీద పొరలా పరుచుకుని కాపాడతాయి, త్వరగా ఖర్చయిపోతాయి కనుక రెండేళ్లకో, 40,000 కిలోమీటర్లకో మార్చాలి. ఓఏటీ అనే సేంద్రియ ఆమ్లాల రకం అయిదేళ్ల దాకా పనిచేస్తుంది. ఈ రెండింటినీ కలిపితే నిరోధకాలు ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి, ఒక్కోసారి జిగురులా పేరుకుంటాయి. కారు మాన్యువల్‌లో చెప్పిన రకాన్ని, డబ్బా మీద ఐఎస్ 5759 ప్రమాణం ముద్ర ఉన్నదాన్ని తీసుకోవడం క్షేమం. డబ్బాలో ఉన్నది నేరుగా పోసేదా, నీళ్లు కలపవలసిన చిక్కని ద్రవమా అన్నది కూడా చదివి తీరాలి. చిక్కగా పోస్తే ఇంకా మేలనుకోవడం పొరపాటు; నీటితో పోలిస్తే గ్లైకాల్ వేడిని తక్కువగా మోస్తుంది, కనుక పాళ్లు సగం దాటిస్తే మన వాతావరణంలో నష్టమే ఎక్కువ.

కలిపే పద్ధతిలో ఒక మెళకువ ఉంది. నా కారు మొత్తం పరిమాణం మాన్యువల్ ప్రకారం దాదాపు అయిదు లీటర్లు. లోపల రెండు లీటర్లదాకా కడుగుడు నీరు మిగిలి ఉంటుంది కనుక, బయట చెరిసగం కలిపిన ద్రవాన్ని పోస్తే లోపల అది పల్చబడిపోతుంది. అందువల్ల ముందు రెండున్నర లీటర్ల చిక్కని కూలెంట్ పోసి, తరువాత మిగతా చోటును బ్యాటరీ నీళ్లతో నింపాం. బ్యాటరీ నీళ్లంటే డిస్టిల్డ్ వాటరేనని, బ్యాటరీ యాసిడ్ కాదని మళ్లీ ఒకసారి చెప్పడం మంచిది. దుకాణంలో రెండూ పక్కపక్కనే ఒకేలాంటి క్యాన్లలో ఉంటాయి.

గాలి తీయడానికి పట్టినంత ఓపిక మరే పనికీ పట్టలేదు. ముందు చక్రాలను ర్యాంపు మీదికి ఎక్కించి, రేడియేటర్ మూతి అన్నింటికన్నా ఎత్తులో ఉండేలా చేసి, అందులో గరాటు బిగించి, ఇంజన్‌ను నడుస్తూ ఉండనిచ్చాం. పై హోస్ పైపును చేత్తో నొక్కి వదులుతుంటే గరాటులోకి పెద్ద పెద్ద బుడగలు వచ్చేవి, మట్టం ఒక్కసారిగా పడేది, మళ్లీ పోసేవాళ్లం. థర్మోస్టాట్ తెరుచుకున్న ఘడియలో పై పైపు చల్లదనం పోయి చేతికి చురుక్కుమంది. గాలి మొత్తం పోయిందనడానికి గుర్తు హీటర్ నుంచి ఎడతెగని వేడి గాలి రావడం. గాలి బుడగ లోపల ఉండిపోతే ఉష్ణోగ్రత సెన్సర్ నీటిని కాక ఆవిరిని చూసి తప్పు అంకెలిస్తుంది, హెడ్‌లో ఆ బుడగ నిలిచిన చోట లోహం మాడుతుంది.

మూతను మార్చేశాం. పాతదాని రబ్బరు ఎండి పగిలింది, మధ్యలోని చిన్న వాక్యూమ్ వాల్వు బిగుసుకుపోయింది. ఇంజన్ చల్లారేటప్పుడు రిజర్వు బాటిల్ నుంచి ద్రవాన్ని వెనక్కి రానిచ్చేది ఆ వాల్వే. అది బిగుసుకుంటే పై హోస్ పైపు చల్లారాక నొక్కుకుపోయినట్టు చదునుగా కనబడుతుంది. హోస్ పైపుల్లో కింది దాని లోపలి పొర ఉబ్బి మెత్తబడింది, మార్చాం. వాటర్ పంపు కింది రంధ్రం నుంచి కారడం లేదు కనుక దాన్ని ముట్టుకోలేదు. లీకు ఆగడానికి రేడియేటర్‌లో పసుపు పొడి పోయడం, కోడిగుడ్డు కొట్టి వేయడం లారీ డ్రైవర్ల పాత చిట్కాలు. అడవి దారిలో బండి ఆగిపోతే ఇల్లు చేర్చడానికి అవి పనికిరావచ్చు. ఊరు చేరాక ఆ ముద్ద సన్నని గొట్టాల్లో చేసే నష్టం లీకు కన్నా పెద్దది.

లోపల ఎంత కడిగినా బయటి రెక్కలు మూసుకుపోయి ఉంటే ఫలితం ఉండదు. మన వైపు కోతల కాలంలో రోడ్ల మీదే వడ్లు ఆరబెడతారు, తూర్పారబోస్తారు. తీరం వెంట రాత్రివేళ రొయ్యల చెరువుల పక్కగా పోతే పురుగులు గుంపులుగా వచ్చి ముందు భాగానికి అతుక్కుంటాయి. రేడియేటర్ ముందు దానిలాగే ఉండే ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్యనున్న రెండు వేళ్ల సందులో పొట్టు, పురుగుల రెక్కలు, ఎర్రమట్టి కలిసి మందపాటి తడకలా పట్టి ఉన్నాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. పై బోల్టులు వదులు చేసి రేడియేటర్‌ను కాస్త వెనక్కి వంచి, మెత్తని కుంచెతో దులిపి, ఇంజన్ వైపు నుంచి ముందుకు నెమ్మదైన నీటి ధారతో కడిగాం. సర్వీసింగు సెంటర్లలో వాడే ఒత్తిడి ధారను నేరుగా పెడితే రెక్కలు వాలిపోయి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

ఫలితాన్ని ఊరి రోడ్ల మీద కాక దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో చూశాను. ఏసీ వేసుకుని, నలుగురితో, రెండో గేరులో మలుపులు ఎక్కుతున్నంతసేపు అంకె 97, 98 దగ్గర ఆగింది. చదును దారి రాగానే 90కి దిగింది. హైవే మీద ఇప్పుడు 86కు అటూ ఇటూ ఉంటుంది, పెట్రోలు ఖర్చులో కూడా కొంత తేడా తెలుస్తోంది. ప్రతి నెలా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రిజర్వు బాటిల్ మట్టం చూస్తున్నాను. అది గీత కిందికి దిగితే డిక్కీలో ఉంచిన, ముందే కలిపిన ద్రవాన్నే పోస్తున్నాను. మట్టం మాటిమాటికీ తగ్గుతుంటే పోస్తూ పోవడం కాక, ఎటు పోతోందో వెతకాలి. మల్టీమీటరు నల్ల తీగను బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టి, ఎర్ర తీగను లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచి కూడా చూశాను, 0.3 వోల్టు కన్నా బాగా తక్కువ వచ్చింది. అంతకు మించితే ఎక్కడో ఎర్తింగ్ సరిగా లేక కరెంటు కూలెంట్ గుండా పోతూ అల్యూమినియాన్ని తింటున్నట్టు లెక్క.

అయితే రేడియేటర్ పూర్తిగా కోలుకుందని చెప్పలేను. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు వెనకవైపు నుంచి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పలకంతా చూస్తూ పోతే, ఎడమ కింది మూలలో అరచేతి వెడల్పు మేర మిగతా భాగం కన్నా పాతిక డిగ్రీలకు పైగా చల్లగా ఉంది. ఆ గొట్టాల్లోకి నీరు పోవడం లేదు. మందుకు కరిగే గార కరిగింది, పూర్తిగా బిగుసుకున్న గొట్టంలోకి మందే చేరలేదు. ఇంకోసారి మందు పెట్టి చూద్దామా అని అడిగితే మేస్త్రి వద్దన్నారు: "ఉన్న అల్యూమినియం పల్చబడుద్ది సార్. ఈ ఎండాకాలం దీంతోనే నడపండి, వచ్చే శివరాత్రి లోపల కొత్తది ఏపిద్దాం." నెల్లూరులో రెండు దుకాణాల్లో కొత్త రేడియేటర్ ధర కనుక్కుని ఉంచాను.